రూపాయికి అణా: జిల్లా బోర్డుల దినచర్య

కోస్తా పల్లెలలోని వృద్ధులు కొందరు నేటికిని తాము చదివిన బడిని 'బోర్డు స్కూలు' అనియే పిలుచుచుందురు. ఆ బోర్డు గోడకు వ్రేలాడు నల్లబల్ల కాదు, జిల్లా బోర్డు. అది రద్దయి అరువదియేండ్లు దాటినది. సంస్థ పోయినను పేరు మాత్రము జనుల నోట నిలిచియున్నది.

రాజుల దండయాత్రలను, గవర్నరుల రాకపోకలను వర్ణించు చరిత్రలు మనకు కొల్లలుగా నున్నవి. వానకు తెగిన రోడ్డును ఎవరు పూడ్పించిరి, ఊరూర తిరిగి టీకాలు వేయు మనిషికి జీతమెవరిచ్చిరి, తిరునాళ్ళలో కలరా వ్యాపింపకుండ బావులలో మందు చల్లించిన వారెవరు అను ప్రశ్నలకు ఆ గ్రంథములలో సమాధానము దొరకుట అరుదు. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలలో 1884 మొదలు 1959 వరకు, డెబ్బదియైదేండ్ల కాలము, ఈ పనులు ముఖ్యముగా జిల్లా బోర్డులవి, వాని క్రింది సంస్థలవి. నైజాము ఏలుబడిలోని తెలంగాణమున ఏర్పాట్లు వేరు. అది మరియొక ప్రసంగమునకు తగిన విషయము.

బోర్డుల కథ రోడ్డుతో మొదలయినది. రోడ్లకై భూమిమీద ప్రత్యేకమైన సెస్సు వసూలు చేయుటకు మద్రాసు రాజధానిలో 1866లో చట్టమేర్పడినది. 1870లో వైస్రాయి మేయో ప్రభువు రోడ్లు, విద్య, వైద్యము మొదలగు ఖర్చులను రాష్ట్ర ప్రభుత్వములకు అప్పగించి, చాలని ధనమును స్థానికముగా సమకూర్చుకొనవలసినదని నిర్ణయించెను. వినుటకు ఉదారముగానున్న ఈ మాటవెనుక కేంద్రపు ఖజానాలోని లోటు కలదు. మరుసటి యేడు, 1871లో, మద్రాసులో లోకల్ ఫండు చట్టము వచ్చినది. ఆ 'లోకల్ ఫండు' అను మాట మన భాషలో ఎంతగా పాతుకొనినదనగా, ఆసుపత్రిని కూడ 'లోకల్ ఫండు ఆసుపత్రి' అని జనులు చెప్పుకొనిరి. 1882 మే నెలలో రిప్పన్ ప్రభువు చేసిన తీర్మానము ఈ ఏర్పాటునకు కొత్త ఉద్దేశము నిచ్చినది. స్థానిక సంస్థలు ఖర్చు తగ్గించుకొను మార్గములు మాత్రమే కావనియు, ప్రజలకు రాజకీయ శిక్షణ నిచ్చు పాఠశాలలనియు ఆయన అభిప్రాయము. దాని ఫలితముగా 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టము పుట్టినది.

ఇచ్చట ఒక ముచ్చట చెప్పవలెను. మనకు స్వపరిపాలనము నేర్పుటకు వచ్చిన ఇంగ్లండులో గ్రామసీమల కౌంటీలకు ఎన్నికైన పాలకసభలు 1888 నాటి చట్టముతోగాని రాలేదు. అంతవరకును అచ్చటి రోడ్లు, వంతెనలు, కౌంటీ పన్నులు మూడు నెలలకొకసారి కూడు జస్టిసుల చేతిలో నుండెను. ఆ జస్టిసులు చాలవరకు భూస్వాములే. కావున 1884లో మన బోర్డులలో ప్రజాప్రభుత్వము పూర్తిగా లేదని వెక్కిరించువారు, గురువు ఇంట కూడ పాఠము అప్పటికి పూర్తి కాలేదని గుర్తుంచుకొనుట న్యాయము.

1884 చట్టము మూడంతస్తుల మేడ కట్టినది. పైన జిల్లా బోర్డు. దానికి కలెక్టరు అధ్యక్షుడు. నడుమ తాలూకా బోర్డు. దానికి రెవెన్యూ డివిజనల్ ఆఫీసరు అధ్యక్షుడు. క్రింద కొన్ని గ్రామములను కలిపిన యూనియను. దాని పంచాయతీలో గ్రామ మునసబులు తమ ఉద్యోగ హోదాచేతనే సభ్యులు. పెద్ద రోడ్లు జిల్లా బోర్డువి. చిన్న రోడ్లు, ప్రాథమిక పాఠశాలలు, చిన్న ఆసుపత్రులు తాలూకా బోర్డు చూడవలసినవి. వీథుల శుభ్రత, దీపములు, మురుగు కాలువలు యూనియనువి. శిస్తు విధించు దొరయే సభకు అధ్యక్షుడై కూర్చుండగా, ఆయన ప్రతిపాదించిన పద్దును కాదని లేచి నిలుచు సభ్యుడెవరు? తొలి దశాబ్దములలో బోర్డు సమావేశములనగా, చాలచోట్ల, కలెక్టరు కచేరీలో మరియొక పని.

ఇక ధనము. భూమి శిస్తు రూపాయికి అణా చొప్పున సెస్సు. పది రూపాయల శిస్తు కట్టు రైతు పది అణాలు బోర్డునకు చెల్లించవలెను. ఆ సొమ్మును శిస్తుతోపాటు గ్రామోద్యోగులే వసూలు చేసిరి. అందుచేత రైతునకు ఏది సర్కారు పైకమో, ఏది బోర్డు పైకమో ఆ లెక్క తెలియు అవకాశము తక్కువ. జమీందారీ గ్రామములలో సెస్సు జమీందారు కట్టి, అందులో సగమును రైతు వద్ద రాబట్టుకొనవచ్చును. విజయనగరము, పిఠాపురము, నూజివీడు, వెంకటగిరి వంటి సంస్థానములు విస్తరించిన మన జిల్లాలలో ఇది చిన్న విషయము కాదు.

సెస్సుగాక చిల్లర రాబడులు పెక్కు. రోడ్డుమీది టోల్‌గేటు, ఏటిమీది బల్లకట్టు, వారపు సంత, బందెలదొడ్డి, బాటప్రక్కనున్న చింత, మామిడి చెట్ల ఫలసాయము. వీనిలో పెక్కింటిని ఏటేట వేలము వేసిరి. పాటదారు ముందుగా సొమ్ముకు ఒప్పుకొని, ఆపై బండివాని వద్దను, రేవు దాటువాని వద్దను రాబట్టుకొనును. పరుల చేనిలో పడిన పశువును తోలుకొనిపోయి దొడ్డిలో పెట్టినచో, జరిమానా, మేత ఖర్చు చెల్లించి విడిపించుకొనవలెను. బోర్డు అను సంస్థ ఒకటి కలదని సామాన్యునకు తెలియునది ఇట్టి చోటులనే. గేటు వద్ద ఆగిన బండివానికి బోర్డు అనగా ఆ గేటే.

రోడ్డు పనిని గూర్చి కొంచెము విపులముగా చెప్పెదను. బోర్డు ధనములో పెద్దభాగమును మ్రింగినది అదియే. కృష్ణా, గోదావరి డెల్టాలలో ధవళేశ్వరము, బెజవాడ ఆనకట్టల తరువాత పంట పెరిగినది. పంటతోపాటు బండ్లు పెరిగినవి. కాని డెల్టా నేల నల్లరేగడి. వానకాలమున ఇరుసులవరకు దిగబడును, వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. రాతికి ఆ ప్రాంతమున కరవు. దూరపు గుట్టలలో కొట్టించిన కంకరను కాలువలమీద పడవలలో తెచ్చి, గట్టున దింపి, బండ్లమీద రోడ్డునకు చేర్చవలెను. కంకరను బాటప్రక్క కొలత ప్రకారము కుప్పలుగా పోయించి, ఓవర్సీయరు కొలిచి పుస్తకమున వ్రాసికొనిన పిమ్మటనే కంట్రాక్టరుకు బిల్లు. కుప్ప నడుమ మన్నుదిబ్బ నుంచి, పైని కంకర పరచు విద్య కంట్రాక్టర్లకు క్రొత్త కాదు. కుప్పను త్రవ్వించి చూచు ఓవర్సీయరు, త్రవ్వించకుండ చూచు ఓవర్సీయరు, ఇరువురును అన్ని కాలములందును కలరు. ఇనుప కమ్ముల సన్ననిచక్రముల బండ్లు నాలుగు మాసములు నడచిన తరువాత ఆ కంకర మరల పిండియగును. ఆపై మరల అంచనా, మరల మంజూరు, మరల కుప్పలు.

రోడ్డు తరువాత బోర్డులు తలపెట్టిన సాహసమైన పని రైలు. దక్షిణమున తంజావూరు జిల్లా బోర్డు 1894 నాటికే మాయవరము నుండి ముత్తుపేటకు రైలుమార్గము వేయించి దారి చూపినది. మన వైపున కృష్ణా జిల్లా బోర్డు ఆ పనికి పూనుకొనినది. మచిలీపట్టణము ఒకప్పుడు దేశదేశముల నావలు చేరిన రేవు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెనలో ముప్పదివేలమంది వరకు ప్రాణములు కోల్పోయిరి. ఆ దెబ్బనుండి తేరుకొనకముందే, బెజవాడకు రైళ్ళు వచ్చి వ్యాపారమంతయు అటువైపు మళ్ళినది. ఆ పట్టణమును బెజవాడతో కలుపు సుమారు ఏబది మైళ్ళ మార్గము జిల్లా బోర్డు సొత్తుగా 1908లో తెరువబడినది. బండ్లు నడుపుట మాత్రము మద్రాసు దక్షిణ మరాఠా రైల్వే కంపెనీవారి వంతు. గుంటూరు జిల్లా బోర్డు అదే బాట ననుసరించి తెనాలి నుండి రేపల్లెకు మార్గము వేయించినది. అది 1916లో ప్రారంభమైనది. ఇట్టి పనులకై సెస్సు మీద మరి పావు అణా వేయుటకు చట్టము వీలు కల్పించినది. నేడు మచిలీపట్టణము బండి నెక్కువారికి, ఆ దారి ఒకప్పుడు జిల్లా బోర్డు ఆస్తి యని తెలియజెప్పువారు లేరు. నా దృష్టిలో బోర్డుల చరిత్రలో ఇంతటి ఘనకార్యము మరియొకటి లేదు.

పన్ను విషయమున జనులు ఎప్పుడును నోరు మెదపలేదని తలచరాదు. చీరాల, పేరాల గ్రామములు యూనియనుగా నున్నప్పుడు ఏడాదికి సుమారు 4,000 రూపాయలు పన్ను కట్టుచుండెడివి. ఆ యూనియనును మునిసిపాలిటీగా మార్చగా పన్ను 40,000 రూపాయల వరకు పెరుగు పరిస్థితి వచ్చినది. మగ్గము మీద బ్రతుకు పేదలు అధికముగానున్న ఊళ్ళకు అది మోయరాని భారము. మాకు యూనియనే చాలునని వారు మొరపెట్టుకొనిరి. వినువారు లేకపోగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని పదకొండు నెలలు కాపురముండిరి. జాతీయోద్యమ చరిత్రలో దీనిని వీరగాథగా చెప్పుకొందుము, అది తగినదే. కాని దాని మూలము పరిపాలనా లెక్కలలోని ఒక పద్దు. ఆ పద్దు వ్రాసినవారు పన్ను కట్టువారిని అడుగలేదు.

విచిత్రమేమనగా, అప్పటికి మద్రాసులో స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రి చేతికి వచ్చియున్నది. పానగల్లు రాజా ఆ శాఖను చూచుచుండెను. 1920 నాటి క్రొత్త లోకల్ బోర్డుల చట్టము కలెక్టరును అధ్యక్షపీఠము నుండి దింపి, ప్రజల ప్రతినిధులకు చోటు కల్పించినది. 1930 నాటి సవరణతో నియామకములు కూడ తొలగినవి. బోర్డు అధ్యక్ష పదవి జిల్లాలో గొప్ప పదవియైనది. దానితో క్రొత్త తెగుళ్ళు కూడ పుట్టినవి. ఎన్నికలలో ఎదిరిపక్షమునకు పనిచేసెనను అనుమానముతో బడిపంతులును జిల్లా ఈ కొననుండి ఆ కొనకు బదిలీచేయుట వానిలో నొకటి. చాలీచాలని జీతముపై బ్రతుకు పంతులునకు బదిలీ ఉత్తరువు కంటె భయంకరమైన కాగితము లేదు. కలెక్టరు పెత్తనమున సభ్యుడు మాటాడలేకపోయెను. అధ్యక్షుని పెత్తనమున పంతులు మాటాడలేకపోయెను.

అయినను బోర్డులను నీరసింపజేసినది ఈ కక్షలు కావని నా అభిప్రాయము. అంతకంటె నిశ్శబ్దముగా రెండు మార్పులు జరిగినవి. మొదటిది 1931లో. మోటారు వాహనముల పన్ను చట్టము వచ్చి, టోల్‌గేట్లు తొలగినవి. బండివాడు సంతోషించెను, సంతోషింపవలసినదే. మోటారు పన్ను ప్రభుత్వమునకు చేరి, అందులోనుండి బోర్డులకు పరిహారము ముట్టు ఏర్పాటు జరిగినది. అదివరకు తన గేటు వద్ద తాను వసూలు చేసికొనిన సొమ్మునకు, ఇకమీదట బోర్డు మద్రాసువైపు చూడవలసి వచ్చినది.

రెండవది 1934లో తాలూకా బోర్డుల రద్దు. అప్పటి ముఖ్యమంత్రి బొబ్బిలి రాజా స్థానిక పాలన శాఖను కూడ స్వయముగా చూచుచుండెను. తాలూకా బోర్డులకు రాబడి స్వల్పమనియు, ఉన్నదంతయు సిబ్బందికే చాలదనియు వాదము. ఆ వాదములో సత్యము లేకపోలేదు. అయితే పాతికేండ్లకు ముందు, 1909లో, వికేంద్రీకరణ విచారణ సంఘమువారు ఇందుకు పూర్తిగా విరుద్ధమైన సలహా నిచ్చియుండిరి: జిల్లాకంటె చిన్న బోర్డులే గ్రామపాలనకు ముఖ్యాధారము కావలెనని. రాబడి చాలనప్పుడు రాబడి పెంచవచ్చును; సంస్థనే తీసివేయవచ్చును. మనవారు రెండవ మార్గము నెన్నుకొనిరి. ఒక గ్రామమున బావి ఒర కూలినచో, తాలూకా కేంద్రమున తేలవలసిన అర్జీ నాటినుండి జిల్లా కేంద్రమునకు పయనము కట్టినది. అర్జీ వెనుక రైతు, రైతు వెనుక బండిఖర్చు.

స్వరాజ్యము వచ్చిన తరువాత బల్వంతరాయి మెహతా సంఘము 1957లో ఇచ్చిన నివేదికలో సూచించినది గ్రామమునకు, జిల్లాకు నడుమ ఎన్నికైన సంస్థ నొకదానిని నెలకొల్పి, దానికే పని అప్పగించుమని. 1959లో ఆంధ్రప్రదేశమున జిల్లా బోర్డులు పోయి, పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వెలసినవి. 1934లో తీసివేసిన నడిమి అంతస్తును పాతికేండ్లకు మరల కట్టుకొంటిమి. 1986లో సమితులు మండలములైనవి. రాజ్యాంగపు 73వ సవరణ ననుసరించి 1994లో మరియొక చట్టము వచ్చినది.

బోర్డు ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలైనవి. రోడ్లలో కొన్ని ప్రభుత్వ శాఖలకు చేరినవి. గేట్లు లేవు, బల్లకట్లు చాలవరకు లేవు. బందెలదొడ్డి కొన్ని ఊళ్ళలో కూలిన గోడగా మిగిలియున్నది; దాని తాళము ఎవరివద్ద నున్నదో అడుగువారు లేరు.