ఉమ్మెత్తలో ఎడమ, కుడి

మోనోక్రోటోఫాస్ లాంటి మందు కొడుతూ పడిపోయినోళ్లకి ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ ఇంజెక్షన్ కథ ఇది. 1831లో మైన్ అనే జర్మనీ ఆయన బెల్లడోనా వేరు నుంచి దాన్ని తీశాడు. 1833లో గైగర్, హెస్సే ఇంకో మొక్క నుంచి హయోసయమిన్ తీశారు. రెండింట్లో పరమాణువులు అవే, లెక్కా అదే. తేడా అమరికలోనే, మన రెండు చేతుల్లాగ. మొక్కలో ఉండేది ఎడమ రూపం, పనిచేసేదీ అదే. తీసేటప్పుడు సగం కుడికి తిరిగిపోద్ది, అది దాదాపు పనిచెయ్యదు. ఆ సగం-సగం కలిసిందే అట్రోపిన్. అందుకే దాని బలం సగమే.

మన గట్టు మీది ఉమ్మెత్తలోనూ హయోసయమిన్ ఉంది. అట్లని ఆకు నూరి పొయ్యకండి. ఎంత ఉందో కంటికి కనపడదు, ప్రాణం తీస్తుంది. మందు డబ్బా పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తండి.