గుండ్లకమ్మ తీరాన: క్రైస్తవ విశ్వాసంలో స్వీకారం, పరివర్తన

దేవుడు మనిషిని స్వీకరించేది అతడు మారిన తర్వాతనా, మారకముందేనా? ఏ మతమైనా ఈ ప్రశ్నకు ఏదో ఒక విధంగా సమాధానం చెప్పవలసిందే. తప్పిపోయిన కుమారుని గురించి ఏసుక్రీస్తు చెప్పిన ఉపమానంలో, కొడుకు ఇంకా దూరాన ఉండగానే తండ్రి పరుగెత్తి వెళ్ళి అక్కున చేర్చుకుంటాడు. ముందు స్వీకారం, ఆ తర్వాతే పరివర్తన. అయితే ఉపదేశం గ్రంథంలో ఉండటం వేరు, సంఘంలో ఆచరణకు రావడం వేరు. ఆ ఆచరణ ఎంత కఠినమైనదో 19వ శతాబ్దపు ఒంగోలు చరిత్ర తెలుపుతుంది.

అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువారి మధ్య పని ప్రారంభించారు. 30 ఏళ్ళు గడిచినా వారి మతంలో చేరినవారు బహు స్వల్పం. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది మాత్రమే. తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుడు అప్పటికే, 1866లో, బాప్తిస్మం పొందాడు. ఆయన బోధ వల్ల మాదిగ పల్లెలలో కదలిక వచ్చింది.

ఇక్కడే అసలు పరీక్ష ఎదురయింది. పట్టణంలోని కొందరు అగ్రవర్ణస్థులు కొత్త మతం పట్ల ఆసక్తి చూపుతూ ఉండేవారు. మాదిగలను చేర్చుకుంటే తాము రాబోమని వారు స్పష్టం చేశారు. పెద్ద కులాలవారు ముందు వస్తే మిగిలినవారు వెంట వస్తారన్నది ఆనాటి మిషనరీలలో అనేకుల ఆశ. క్లౌ తన జ్ఞాపకాలలో చెప్పిన ప్రకారం, ఆయనా ఆయన భార్యా వేర్వేరు గదులలో బైబిలు తెరవగా, ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించింది. లోకం నీచంగా ఎంచినవారినే దేవుడు ఎన్నుకున్నాడన్నది దాని సారాంశం. మాదిగలకు తలుపు తెరుచుకుంది; అగ్రవర్ణస్థులు వెళ్ళిపోయారు.

స్వీకారానికి కులం అడ్డు కాలేదు గాని, చేరినవారి జీవితం మారక తప్పలేదు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు అన్నవి మూడు ప్రధాన నియమాలు. వినడానికి చిన్నవే. కాని జాతరలో డప్పు కొట్టడం మాదిగల కులవృత్తిలో భాగం. కొట్టమంటే ఊరి పెద్దలకు ఆగ్రహం, కళ్ళంలో ముట్టే గింజలకు ఎసరు. విశ్వాసం వారికి లాభసాటి బేరం కాలేదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

1876-78 నాటి ఘోర కరువులో ఈ ప్రశ్న మరింత తీవ్రమైంది. క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు 3½ మైళ్ళ తవ్వకం పని గుత్తకు తీసుకుని, ఆకలిగొన్నవారికి కూలి చూపించాడు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న నింద రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. సహాయం ఇక లేదని చెప్పిన తర్వాత కూడా జనం తిరిగి వెళ్ళలేదు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు క్లౌ కాదు, దేశీయ బోధకులు. సంవత్సరాంతానికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

అంతమందిలో ఎవరి హృదయంలో ఏముందో చరిత్రకారుడు చెప్పజాలడు. కులం క్రైస్తవ సంఘాల లోపల కూడా నశించలేదన్నది కాదనరాని సత్యం. అయినా ఒక్కటి నిశ్చయం. ఊరి వెలుపల నిలబెట్టబడినవారికి, ముందు మారి రమ్మని గాక, ఉన్నవారు ఉన్నట్లే రమ్మని పిలుపు వచ్చింది. ఆ పిలుపు విన్నవారు దానికి తగిన మూల్యం తామే చెల్లించారు. తండ్రి ఎదురేగి కౌగిలించుకున్నాడన్న ఉపమానానికి మాదిగ పల్లెలు ఇచ్చిన వ్యాఖ్యానం ఇది.