సర్కారు వకీలు ఎవరి వకీలు?

తెలుగులో ఒకరి పరువు తీయడానికి తిట్లు వెతుక్కోనక్కర్లేదు. 'మీరు' అనవలసిన మనిషిని 'నువ్వు' అంటే చాలు. రచ్చబండ దగ్గరైనా, రైలుపెట్టెలోనైనా తగాదా ముదిరిందో లేదో తేల్చుకోవడానికి నేను చూసే గుర్తు అదే. 'మీరు' కాస్తా 'నువ్వు'లోకి దిగిందంటే ఇక చేతులు కలవబోతున్నాయన్నమాట. పాపం, ఇప్పటి ఇంగ్లీషువాళ్ళకి ఆ సౌకర్యం లేదు. దొరకీ బంట్రోతుకీ ఒకటే మాట. కాని నాలుగువందల ఏళ్ళ కిందట వాళ్ళకీ రెండు మాటలుండేవి. అందులో చిన్నమాట నిండుకోర్టులో ఒక సర్కారు వకీలు నోట వచ్చి, చరిత్రకెక్కి కూచుంది.

1603 నవంబరు 17. లండనులో ప్లేగు. అందుకని విచారణ వించెస్టరులో పెట్టారు. ముద్దాయి సర్ వాల్టర్ ర్యాలీ. ఎలిజబెత్ రాణి కాళ్ళకి బురద అంటకుండా తన పైవస్త్రం తీసి నేలమీద పరిచాడని కథ చెప్పుకుంటారే, ఆయనే. ఓడలు నడిపినవాడు, కవిత్వం చెప్పినవాడు, రాణిగారి కొలువులో వెలిగినవాడు. ఆ ఏడు మార్చిలో రాణి కన్నుమూసింది. స్కాట్లండు నుంచి జేమ్సు రాజు వచ్చి గద్దె ఎక్కాడు. కొత్త రాజుకి పాత రాణి మనుషులంటే గిట్టకపోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. ఏడాది తిరక్కుండానే ర్యాలీ మీద రాజద్రోహం కేసు వచ్చిపడింది. స్పెయిన్ సొమ్ముతో జేమ్సుని దింపి, అరబెల్లా అనే రాజబంధువుని గద్దె ఎక్కించాలని కుట్ర పన్నారట.

ప్రభుత్వం తరఫున వాదించింది అటార్నీ జనరల్ సర్ ఎడ్వర్డ్ కోక్. న్యాయశాస్త్రంలో కొమ్ములు తిరిగినవాడు. ముద్దాయికి మాత్రం వకీలే లేడు. రాజద్రోహం కేసులో ప్లీడరుని పెట్టుకునే హక్కు ఆ రోజుల్లో లేదు. ఒంట్లో బాగాలేని మనిషి, తన కేసు తనే వాదించుకోవాలి. సాక్ష్యం సంగతి చూస్తే, ముఖ్యమైనదల్లా కోభం ప్రభువనే ఆయన ఇచ్చిన వాఙ్మూలం. ఆయనా ఆ కుట్రలోనే చిక్కుకున్నవాడు. ఒకసారి అవునన్నాడు, ఒకసారి కాదన్నాడు, మళ్ళీ అవునన్నాడు. "ఆయన్ని ఇక్కడికి రప్పించండి, నా మొహం చూసి ఆ మాట చెప్పమనండి" అని ర్యాలీ మళ్ళీ మళ్ళీ అడిగాడు. కోభం బతికే ఉన్నాడు, రప్పించడానికి వీలుంది కూడా. అయినా రప్పించలేదు.

సాక్ష్యం పలచనైనప్పుడు గొంతు చిక్కబడుతుంది కాబోలు. కోక్ ముద్దాయిని విషసర్పమన్నాడు, ద్రోహి అన్నాడు. అంతటితో తృప్తి తీరక, నిన్ను కావాలనే 'నువ్వు' అంటున్నాను అని ఆ చిన్నమాటని ఒత్తి మరీ పలికాడు. జ్యూరీవారు పావుగంటలో తిరిగొచ్చి నేరస్థుడన్నారు. మరణశిక్ష పడింది.

సర్కారు కేసు గెలిచింది. మరి జనం? పొద్దున్న కోర్టుకి వచ్చేటప్పుడు ర్యాలీ అంటే అందరికీ మంటే. ఆనాటి ఉత్తరం ఒకదాంట్లో ఒక ప్రేక్షకుడి మాట ఉంది. వచ్చేటప్పుడైతే ఆయన్ని ఉరితీస్తుంటే చూడ్డానికి వంద మైళ్ళు వెళ్ళేవాణ్ణి, తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన ప్రాణం కాపాడ్డానికి వెయ్యి మైళ్ళయినా వెళ్ళేవాణ్ణి అన్నాట్ట. ఒక్కరోజులో ఆ మనసు తిప్పింది ర్యాలీ వాదన ఎంతో, కోక్ నోరు కూడా అంతే.

శిక్ష అప్పటికి ఆగింది. ర్యాలీని లండను టవరులో పదమూడేళ్ళు ఉంచి వదిలారు. తిరిగి పట్టుకుని, ఆ 1603 నాటి తీర్పు మీదే 1618లో తల నరికారు. మరి కోక్ ఏమయ్యాడు? ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. ఆ పీఠం ఎక్కాక, రాజైనా చట్టానికి లోబడవలసిందేనని జేమ్సు మొహాన్నే అన్నాడు. 1616లో రాజుగారు ఆయన్ని పదవిలోంచి తీసేశారు. తర్వాత పార్లమెంటులో రాజుకి ఎదురు నిలిచి, ఆ టవరులోనే తనూ కొన్ని నెలలు ఖైదు అనుభవించాడు. 1628లో ప్రజల హక్కుల పత్రం తయారుకావడంలో పెద్ద చెయ్యి ఆయనదే. ఇంత మనిషి మరి ఆ రోజు వించెస్టరులో అలా ఎందుకు ప్రవర్తించాడు? నాకు తోచేది ఒకటే. ఆ కుర్చీలో ఉన్నన్నాళ్ళూ తన కక్షిదారు రాజుగారొక్కడే అనుకున్నాడు. గెలిచిపెట్టడమే ధర్మమనుకున్నాడు.

ర్యాలీ అడిగిన న్యాయం ఆయనకి దక్కలేదు గాని, సముద్రం దాటింది. ముద్దాయి తన మీద సాక్ష్యం చెప్పేవాణ్ణి ఎదురుగా చూసి ప్రశ్నించే హక్కుని 1791లో అమెరికావాళ్ళు తమ రాజ్యాంగంలో చేర్చుకున్నారు. 2004లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఈ హక్కు గురించి తీర్పు చెబుతూ ర్యాలీ కేసునే ముందు పెట్టుకుంది. ఆ అమెరికాలోనే కోక్‌కి పూర్తిగా వ్యతిరేకమైన సర్కారు వకీలు ఒకాయన కనిపిస్తాడు. ఆయన కథ నాకు మరీ ఇష్టం.

కనెక్టికట్ రాష్ట్రంలో బ్రిడ్జిపోర్ట్ అని ఒక ఊరు. 1924 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, ఊరందరికీ కావలసిన ఒక చర్చి గురువుని నడివీధిలో ఎవడో వెనకనుంచి తలలో కాల్చి చంపాడు. ఊరు అట్టుడికిపోయింది. కొద్దిరోజులకి పోలీసులు ఒక కుర్రవాణ్ణి పట్టుకున్నారు. సైన్యంలోంచి బయటపడి, పనీపాటా లేక తిరుగుతున్నవాడు. జేబులో రివాల్వరు దొరికింది. చూశామన్న సాక్షులున్నారు. తూటా ఈ రివాల్వరుదే అన్న నిపుణుడున్నాడు. అన్నిటినీ మించి, చంపింది నేనే అని వాడే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి? పళ్ళెంలో వడ్డించిన విస్తరి. కేసు నడపవలసిన ప్రభుత్వ న్యాయవాది హోమర్ కమ్మింగ్స్ కళ్ళు మూసుకుని వాదించినా ఉరి ఖాయం.

ఆయన కళ్ళు మూసుకోలేదు. డాక్టర్లని పంపి కుర్రవాణ్ణి పరీక్ష చేయించాడు. వాడు నిద్రా తిండీ లేక సోలిపోయి, కాస్త పడుకోనిస్తే చాలని ఏదంటే అది ఒప్పుకునే స్థితిలో ఆ మాట చెప్పాడని తేలింది. ఓ కునుకు తీసి లేచాక వాడు ఆ మాట కాదన్నాడు కూడా. హోటలు కిటికీలోంచి వాణ్ణి చూశానని అక్కడ పనిచేసే అమ్మాయి చెప్పింది. కమ్మింగ్స్ రాత్రిపూట ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి తనే నిలబడి చూశాడు. లోపలి దీపాల వెలుగులో బయట పోయే మనిషి ఎవరో ఆనవాలు పట్టడానికి వీలే లేదు. రివాల్వరుని పలువురు నిపుణులకి చూపించాడు. తూటా దానిది కాదని తేల్చారు. మే నెలలో కోర్టులో నిలబడి, తన కేసులోని ఒక్కొక్క సాక్ష్యాన్నీ తనే ఊడదీసి చూపించి, ఈ మనిషి మీద కేసు నడపను అన్నాడు. కుర్రవాడు ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ గురువుని చంపినవాడు మాత్రం దొరకనేలేదు. ఊరి కోపం చల్లారడానికి ఒక మనిషి కావలసిన రోజుల్లో, చేతిలో ఉన్నవాణ్ణి వదిలేయడం ఎంత బరువైన పనో ఆలోచించండి. కమ్మింగ్స్‌కి దానివల్ల ముప్పేమీ రాలేదు. 1933లో రూజ్వెల్టు అధ్యక్షుడైనప్పుడు ఆయనే దేశానికి అటార్నీ జనరల్ అయ్యాడు. 1947లో ఈ కేసు మీద సినిమా కూడా తీశారు. కాని ముప్పు వచ్చినా ఆయన చేసింది సరైన పనే అయ్యేది. 1935లో అమెరికా సుప్రీంకోర్టు ఈ ధర్మాన్నే సూత్రంగా చెప్పింది. ప్రభుత్వ న్యాయవాది గట్టి దెబ్బ కొట్టవచ్చు, దొంగదెబ్బ మాత్రం తీయకూడదని దాని సారాంశం.

ఇక మన సంగతి. నా చిన్నప్పుడు మా ఊరి కోర్టు ఆవరణలో, చింతచెట్టు కింద అర్జీలు రాసే గుమాస్తా ఒకాయన ఉండేవాడు. నల్లకోటు వేసుకుని పోతున్న పి.పి. గారిని చూపించి, "ఆయన శిక్షలు వేయించే ప్లీడరురా" అన్నాడు నాతో. ఆయన్ని తప్పుపట్టలేం. బ్రిటిషువాళ్ళ 1898 నాటి స్మృతి కింద చాలాచోట్ల మేజిస్ట్రేటు కోర్టులో కేసు నడిపేది పోలీసు అధికారే. పట్టుకున్న శాఖే వాదించేది. ఇక శిక్ష తప్ప వాళ్ళకి ఇంకొకటి ఎలా కనిపిస్తుంది?

1973 నాటి కొత్త స్మృతి వచ్చాక అది మారింది. మేజిస్ట్రేటు కోర్టుల్లో కేసు నడపడానికి పోలీసు అధికారిని నియమించకూడదన్నారు. ఎవరూ దొరకని సందర్భానికి చిన్న మినహాయింపు ఉంచినా, ఆ కేసు దర్యాప్తు చేసినవాడు మాత్రం పనికిరాడన్నారు. 2024 జూలై 1 నుంచి ఆ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. పేరు మారింది గాని ఈ ఏర్పాటు మారలేదు. ఆ మాటకొస్తే ఉద్యోగం పేరే చెబుతోంది, పబ్లిక్ ప్రాసిక్యూటరని. పోలీసు ప్రాసిక్యూటరు కాడు, మంత్రిగారి ప్రాసిక్యూటరూ కాడు. ఆ పబ్లిక్‌లో ఫిర్యాదీ ఉన్నాడు, బోనులో ఉన్న ముద్దాయీ ఉన్నాడు.

ఈ మాట మన గడ్డ మీదే చక్కగా చెప్పారు. 1959లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక తీర్పులో, కేసు నడపడం మనిషిని వేటాడడం కాకూడదంది. సర్కారు వకీలు శిక్ష వేయించాలనే ఆత్రం లేకుండా ఉన్న సంగతులన్నీ కోర్టు ముందు పెట్టాలి. ఫిర్యాదీ డబ్బిచ్చి పెట్టుకున్న ప్రైవేటు ప్లీడరుకి కేసు మొత్తం అప్పగించేసి పక్కకి తప్పుకోకూడదు. ఎందుకంటే ఆ ప్లీడరుకి కక్షిదారు కోపం తప్ప ఇంకేమీ పట్టదు. ఈ తీర్పుని తర్వాత ఎన్నో కోర్టులు ఎత్తి చూపాయి.

"అయితే ముద్దాయిలందరినీ వదిలేయమంటారా? చచ్చినవాడి పెళ్ళాంబిడ్డల మాటేమిటి?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆత్రం ఎంత తప్పో, అలసత్వమూ అంతే తప్పు. 2002లో గుజరాత్ అల్లర్లలో వడోదర బెస్ట్ బేకరీలో పద్నాలుగు మంది చనిపోయారు. విచారణలో సాక్షులు ఒకరి తర్వాత ఒకరు మాట మార్చారు. 2003లో మొత్తం 21 మందినీ విడిచిపెట్టారు. 2004లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, కేసుని మహారాష్ట్రకి మార్చి మళ్ళీ విచారించమంది. అప్పుడు పబ్లిక్ ప్రాసిక్యూటరు తీరుని గట్టిగా తప్పుపట్టింది. ముద్దాయిల వకీలులాగా ప్రవర్తించాడని దాని అభిప్రాయం. ముంబాయిలో జరిగిన మళ్ళీ విచారణలో 2006లో తొమ్మండుగురికి శిక్ష పడింది. 2012లో హైకోర్టు వారిలో ఐదుగురిని విడిచిపెట్టి, నలుగురికి ఖాయం చేసింది. కోక్ సాక్షిని రానివ్వలేదు. ఇక్కడ వచ్చిన సాక్షులని నిలబెట్టలేదు. దారులు వేరు, నిజం రెండుచోట్లా బయటే నిలబడింది.

ప్రభుత్వమే తప్పు దారిన పోతుంటే ఆ వకీలు ఏం చేయాలన్నది ఇంకా చిక్కు ప్రశ్న. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. అప్పుడు అదనపు సొలిసిటర్ జనరల్‌గా ఉన్న ఫాలీ నారిమన్ వెంటనే రాజీనామా ఇచ్చేశారు. అటార్నీ జనరల్ నిరేన్ డే ఉండిపోయారు. నిర్బంధితులు కోర్టుకి రావచ్చునా అనే కేసులో, ఒక పోలీసు పగబట్టి మనిషిని చంపేసినా దిక్కు లేదా అని జస్టిస్ ఖన్నా అడిగారు. తన వాదన ప్రకారం, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేనట్టే అని డే ఒప్పుకున్నారు. 1976 ఏప్రిల్‌లో నలుగురు జడ్జీలు ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పారు, ఖన్నాగారొక్కరు కాదన్నారు. 2017లో సుప్రీంకోర్టే ఆ నలుగురి తీర్పు తప్పని కొట్టేసింది. డే చేసింది వకీలు పనే, కక్షిదారు చెప్పమన్నది చెప్పారు అనేవాళ్ళు లేకపోలేదు. అది మామూలు కక్షిదారుకి చెల్లుతుంది. ప్రాణం తీసినా అడిగే దిక్కు లేదనే కక్షిదారుకి చెల్లుతుందని నేననుకోను.

అన్నిచోట్లా ఇంత పెద్ద పరీక్ష రాదు. ప్రభుత్వం మారగానే కొన్ని కేసులు ఉపసంహరించమని పైనుంచి కాగితం వస్తుంది. చట్టం ప్రకారం ఆ సంతకం పి.పి. గారిది. తన బుర్రతో ఆలోచించి, ప్రజల న్యాయం కోసమైతేనే పెట్టాలని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. ఆ సంతకాలు మరీ సులువుగా పడుతున్నాయనేమో, శాసనసభ్యుల మీదా పార్లమెంటు సభ్యుల మీదా ఉన్న కేసులు హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించకూడదని 2021లో ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. మనిషి కలం గట్టిగా పట్టుకుంటే ఇంత తాళం వేయనక్కర్లేకపోను.

కనుక ఎప్పుడైనా పి.పి. గారు లేచి, "ఈ సాక్ష్యం నిలబడేది కాదండి, కోర్టువారు గమనించాలి" అని తన కేసు గురించి తనే అంటే, చేతకానివాడనో, చెయ్యి తడిపారనో తొందరపడి అనుకోకండి. ముందు కారణాలు వినండి. అవి నిలబడేవైతే, మనం కట్టిన పన్నులో ఆయన జీతానికి పోయిన పైసలు మాత్రం దండగ కాలేదని లెక్క వేసుకోండి.