నంబరు వచ్చు వరకు

సికింద్రాబాదు రైలు స్టేషనుకు కూతవేటు దూరములో బోయిగూడ యున్నది. బోయి యనగా పల్లకి మోయువాడు. పేట పేరులోనే ప్రయాణ మిమిడియున్నది. 1874లో వాడి నుండి నిజాము రైలుమార్గము సికింద్రాబాదు చేరినది మొదలు ఈ పరిసరముల జీవితము రైలు వేళలతో ముడివడినది. కలప డిపోలకు ప్రక్కగా, రైల్వే ఉద్యోగులు కాపురముండిన పాత ఇండ్లలో నొకదానియందు మాకు ఇటీవల ఒక వస్తువును చూపించిరి. అది తపాలా కార్యాలయపు పొదుపు ఖాతా పుస్తకము. లోపల జమ ఒక్కటే యున్నది. తరువాతి పుట లన్నియు ఖాళీ.

1960 దశకమున ఆ ఇంటి పెద్ద ఒక స్కూటరు కొరకు పేరు నమోదు చేయించుకొని కట్టిన ధరావతు అది. పెద్దమ్మాయి ఐదవ తరగతిలో నుండగా కట్టిన ఆ ధరావతునకు పిలుపు వచ్చునప్పటికి ఆమె కళాశాలలో చేరినదట. ఆ నడుమ జరిగిన పెండ్లిండ్లు, పురుళ్లు, బదిలీలు అన్నియు ఆ ఇంట "స్కూటరుకు కట్టిన తరువాత ఇన్నేండ్లకు" అను లెక్కతోనే జ్ఞాపకముండిపోయినవి.

నేడు దుకాణమున కేగి, నచ్చిన రంగు చెప్పి, సాయంకాలమునకు బండి నెక్కి వచ్చు యువకులకు ఈ సంగతి కట్టుకథవలె తోచును. చేత సొమ్ము గలవాడు, తన సొమ్ముతో, తన దేశమున తయారగు వస్తువును కొనుటకు ఎనిమిది పదేండ్లు ఏల కాచుకొనవలసి వచ్చెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు కొంత వెనుకకు పోవుదము.

మన నగరమున మోటారు వాహనముల చరిత్ర ఎదురుచూపుతో మొదలు కాలేదు. 1932 జూన్ 15వ తేదీన నిజాము రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించెను. స్కాట్లండు దేశపు ఆల్బియన్ కర్మాగారమున తయారైన బస్సులు ఓడలలో వచ్చి మన వీధులలో తిరిగినవి. బేరము కుదిరి, వెల చెల్లించినచో వస్తువు వచ్చుచుండెను. రెండవ ప్రపంచ యుద్ధము ఈ స్థితిని తలక్రిందులు చేసెను. బ్రిటను కర్మాగారములు యుద్ధ సామగ్రికి మరలినవి. ఇక్కడ పెట్రోలునకు రేషను వచ్చెను. దేశమున పలుచోట్ల బస్సుల వెనుక బొగ్గు గ్యాసు పొయ్యిలను తగిలించి నడిపిరి. 1942లో హైదరాబాదున స్థాపితమైన ఆల్విన్ లోహ కర్మాగారము బస్సులకు పైకట్టడమును ఇక్కడనే నిర్మింపగలిగెను. కాని ఇంజను, ఛాసీ మాత్రము సముద్రము దాటియే రావలసియుండెను. వాహనము మన వీధులలో తిరిగినను దాని ప్రాణము పరాయి చేతిలో నున్నదను సత్యమును యుద్ధకాలము నేర్పినది.

స్వాతంత్ర్యానంతరము మన ప్రభుత్వము ఆ పాఠమునే మనసున నుంచుకొనెను. 1951లో పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టము వచ్చెను. విదేశముల నుండి విడిభాగములు తెచ్చి ఇక్కడ కూర్చుటతో సరిపుచ్చువారు కాక, క్రమముగా అన్ని భాగములను ఇక్కడనే తయారు చేయువారు మాత్రమే ఈ రంగమున నిలువవలెనని 1953లో నిర్ణయము జరిగెను. బొంబాయిలో 1928 నుండి కార్లను కూర్చుచుండిన జనరల్ మోటార్స్, దానితోపాటు ఫోర్డు సంస్థ ఈ నిర్ణయముతో దేశమును వీడినవి. కార్ల రంగమున ప్రధానముగా మిగిలినవి మూడు: కలకత్తా చేరువ ఉత్తరపాడలోని హిందూస్థాన్ మోటార్స్, బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులోని స్టాండర్డు. అంబాసిడరు, ఫియటు, హెరాల్డు అను పేర్లు ఒక తరమువారికి కారు అను మాటకు పర్యాయపదములైనవి. స్కూటర్లలో లాంబ్రెట్టా, వెస్పా అను రెండు ఇటలీ నమూనాలు బొంబాయిలో, పూనాలో తయారు కాజొచ్చినవి.

ఈ విధానమును నేడు పరిహసించుట సులభము. కాని నాటివారి కష్టమును గూడ గుర్తింపవలెను. 1957–58 నాటికి విదేశ మారకపు నిలువలు తరిగిపోయినవి. తిండిగింజలకు, ఉక్కు కర్మాగారముల యంత్రములకు, రైలు ఇంజన్లకు చాలవలసిన డాలర్లను కార్లకు ఖర్చు చేయుట విలాసమని పాలకులు తలంచిరి. బోయిగూడకు పొరుగుననే యున్న కవాడిగూడలో 1943లో ప్రాగా టూల్సు కర్మాగారము వెలసినది. యంత్రములను చేయు యంత్రములు అచట తయారైనవి. మొదట యంత్రము, పిమ్మట వాహనము అను క్రమము తప్పని చెప్పలేము.

పొరపాటు మరియొక చోట జరిగినది. ఎన్ని బండ్లు తయారు కావలెనో కొనువారి అవసరము నిర్ణయించుటకు బదులు లైసెన్సు కాగితము నిర్ణయించెను. కర్మాగారము తన సామర్థ్యమును పెంచుకొనవలెనన్న ఢిల్లీ అనుమతి కావలెను. అనుమతికి మించి తయారు చేయుట తప్పిదము. ఉక్కుకు కోటా, దిగుమతి భాగములకు మరియొక పర్మిటు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపబడగా దిగుమతుల వెల పెరిగెను. వీటికి తోడు విద్యుత్తు కోత, సమ్మె, విడిభాగముల కొరత. ఏ నెలలో ఎన్ని బండ్లు బయటికి వచ్చునో కర్మాగారము వారికే నిశ్చయముగా తెలియనప్పుడు సికింద్రాబాదులోని డీలరు ఏమి చెప్పగలడు? 1970 దశకమున దేశమంతటికి ఏటా తయారైన కార్లు యాభైవేలకు మించలేదు.

వస్తువు తక్కువై, కోరువారు ఎక్కువైనచో వెల పెరుగుట లోకసహజము. వెలను పెరుగనీయకుండుటకు ప్రభుత్వము పంపకమును తన చేతిలోనికి తీసికొనెను. కార్లకు 1959లో, స్కూటర్లకు 1960లో పంపిణీ, విక్రయ నియంత్రణ ఉత్తరువులు వచ్చినవి. కొనదలచినవాడు తపాలా కార్యాలయమున ఖాతా తెరచి, ధరావతు కట్టి, ఆ పుస్తకమును తాకట్టుగా చూపి, డీలరు రిజిస్టరులో తన పేరు వ్రాయించుకొనవలెను. ఏటేట అదే తపాలా కార్యాలయమున రుసుము చెల్లించి రేడియో లైసెన్సు పుస్తకమున ముద్ర వేయించుకొనిన కుటుంబములకు ఈ పద్ధతి క్రొత్త గాదు. వినుటకు లైసెన్సు, తిరుగుటకు వరుస.

రిజిస్టరులో అందరికి నంబర్లుండెను గనుక చూచుటకు అది ధర్మముగానే కనబడెను. రైలు గుమాస్తా పేరు క్రింద వ్యాపారి పేరు, దాని క్రింద ఉపాధ్యాయుని పేరు. కాని ఆ ముఖద్వారమునకు ప్రక్కన మరికొన్ని ద్వారములుండెను. ప్రభుత్వపు కోటా ఒకటి. విదేశ మారకముతో వెల చెల్లించువారికి త్వరగా ఇచ్చు పద్ధతి యింకొకటి. విదేశమున కొడుకో అల్లుడో ఉన్నచో వరుసలో నిలువ బనిలేదు. ఇవి లేనివారికి మూడవ ద్వారము దళారి. నంబరు వచ్చి బండి చేతికందినవాడు దానిని నిర్ణీత ధరకన్న ఎంతో హెచ్చు వెలకు అమ్ముకొనుటకు వీలుండెను. క్రొత్తబండిని కొంతకాలము వరకు అమ్మరాదని నిబంధన లున్నను, కాగితమున యజమాని ఒకడు, బండి నడుపువాడు మరియొకడు అగుట నాడు అందరెరిగినదే. వాడిన బండి క్రొత్తబండికన్న ఎక్కువ ధర పలికెను. కట్నకానుకల మాటలలో స్కూటరు చేరెను. బండి నడుపుట రానివారు సైతము ముందుగా నంబరు వేయించి యుంచుట మంచి పెట్టుబడి యని తలంచిరి. దానివలన వరుస మరింత పొడవయ్యెను. నిజముగా బండి కావలసినవాడు మరింత వెనుకబడెను.

ఇట్టి వరుసలు మన దేశమునకే ప్రత్యేకములు కావు. మన అంబాసిడరుకు మాతృక యైన మారిస్ ఆక్స్‌ఫర్డు పుట్టిన బ్రిటనులోనే, యుద్ధానంతరము ఎగుమతులకు ప్రాధాన్య మిచ్చుటచే స్వదేశపు కొనుగోలుదార్లు ఏండ్ల తరబడి వేచియుండిరి. కొనిన కారును నిర్ణీత కాలము వరకు అమ్మబోనని వారు సంతకము చేయవలసి యుండెను. తూర్పు జర్మనీలో ట్రాబంటు అను చిన్న కారునకు పదేండ్లకు పైబడిన నిరీక్షణ సామాన్యము; అక్కడను పాతకారే క్రొత్తకారుకన్న ప్రియము. బ్రిటనులో ఉత్పత్తి పెరుగగానే 1950 దశకపు తొలి సంవత్సరములలో ఆ కట్టుబాటు తొలగినది. తూర్పు జర్మనీలో ప్రభుత్వమే మారువరకు వరుస తొలగలేదు. మన కథ ఈ రెంటికి నడుమ నడచినది.

మన రాష్ట్రము గూడ ఈ కొరతను తీర్చుటకు ఒక యత్నము చేసెను. 1972లో లక్నోలో కేంద్ర ప్రభుత్వ రంగమున స్కూటర్స్ ఇండియా సంస్థ ఏర్పడినది. దాని ఇంజన్లను తెచ్చి, హైదరాబాదు పరిసరములలో స్కూటర్లను కూర్చిరి. ఆ బండి పేరు ఆల్విన్ పుష్పక్. పుష్పక విమానమున ఎందరెక్కినను ఇంకొకరికి చోటుండునని పెద్దలు చెప్పుదురు. ముందు నిలిచిన పిల్లవాడు, వెనుక కూర్చున్న ఇల్లాలు, ఆమె ఒడిలో పసిబిడ్డ, ఇట్లు కుటుంబమంతయు ఒక్క స్కూటరుపై సాగిన ఆ రోజులలో ఆ పేరు చక్కగా అమరినది. అయినను ఇంజను లక్నో నుండి వచ్చినప్పుడే ఇక్కడ బండి పూర్తియగును. పూర్వము స్కాట్లండు మీద నున్న ఆధారము ఇప్పుడు లక్నో మీదికి మారినది.

మార్పునకు నాంది 1983లో కనబడెను. ప్రభుత్వ సంస్థయైన మారుతి, జపాను దేశపు సుజుకితో ఒడంబడిక చేసికొని, చిన్న కారునకు పదివేల రూపాయల ధరావతుతో పేర్లు నమోదు చేసికొనెను. కారు ఇంకను తయారు కాకమునుపే లక్షకు పైగా జనులు సొమ్ము కట్టిరి. ఇన్నేండ్లుగా అణగియున్న కోరిక ఎంతటిదో ఆ సంఖ్య వెల్లడించినది. 1983 డిసెంబరు 14వ తేదీన నాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధి మొదటి కారు తాళముచెవులను అందించిరి. 1980 దశకమున జపాను సంస్థల తోడ్పాటుతో క్రొత్త ద్విచక్ర వాహనములు బయలుదేరినవి. 1991 జూలైలో ప్రకటితమైన నూతన పారిశ్రామిక విధానముతో లైసెన్సుల బంధము చాలవరకు సడలెను. 1993లో కార్ల తయారీకి గూడ లైసెన్సు అవసరము తొలగెను. ముప్పదేండ్ల వరుస కొద్ది సంవత్సరములలోనే కరిగిపోయినది. ఇనుము హఠాత్తుగా భూమి నుండి పొంగి రాలేదు. మారినది అనుమతి. ఆ వరుసలో ఎక్కువ భాగము ఇనుము కొరతచే గాక కాగితముచే కట్టబడినదని దీనివలన తెలియుచున్నది.

ఐతే ఉత్పత్తిలోని అనిశ్చితి శాశ్వతముగా పోయినదని తలంపరాదు. కరోనా వ్యాధి ప్రబలిన పిమ్మట 2021లో ఎలెక్ట్రానిక్ చిప్పుల కొరత ప్రపంచమంతట ఏర్పడినప్పుడు, మన నగరమున గూడ క్రొత్త కారు కొరకు నెలల తరబడి వేచియుండిరి. గోరంత చిప్పు లేనందున కర్మాగారములు పని తగ్గించినవి. కాని నాటికి నేటికి ఒక తేడా కలదు. 2021లో వేచియున్నవాడు విసిగినచో సొమ్ము వాపసు తీసికొని మరియొక కంపెనీ తలుపు తట్టగలిగెను. 1965లో వేచియున్నవానికి తట్టుటకు మరియొక తలుపు లేదు.

ఇక బోయిగూడ ఇంటి కథ ముగింతుము. పిలుపు పత్రము వచ్చునప్పటికి ఆ పెద్దకు ఉద్యోగ విరమణ రెండేండ్ల దూరములో నున్నది. నిర్ణీత గడువులో పూర్తి వెల చెల్లింపవలెను. సహకార పరపతి సంఘమున అప్పు తీసి బండి తెచ్చిరి. ఆ వారములోనే ఇద్దరు వచ్చి కొన్న ధరకన్న ఎక్కువ ఇత్తుమనిరి. పెద్దమ్మాయి పెండ్లి ముందున్నది. ఆ సొమ్ము పనికివచ్చెడిదే. ఇంటిలో రెండు రాత్రులు తర్జనభర్జనలు జరిగినవి. ఆయన అమ్మలేదు. ఇన్నేండ్లు వానలో చలిలో రాత్రి డ్యూటీకి సైకిలు తొక్కిన కాళ్లకు రెండేండ్ల విశ్రాంతియైన ఇయ్యవలెనని ఇల్లాలే పట్టుపట్టినదట.

ఎదురుచూచుట మనవారికి తెలియని విద్య కాదు. వాన కొరకు, పంట కొరకు, పైరు కోతకు వచ్చు దినము కొరకు తరతరములుగా ఎదురుచూచినవారమే. కాని పంటకు ఋతువున్నది, రైలునకు వేళపట్టిక యున్నది. ఆ నంబరునకు ఋతువును లేదు, వేళపట్టికయు లేదు. ఎప్పుడు వచ్చునో తెలియని పిలుపు కొరకు సొమ్మును, ఆశను, కొన్నిచోట్ల పిల్లల చదువును సైతము కట్టివేసి కూర్చుండుట ఆ తరము మోసిన బరువు. ఆలస్యముకన్న అనిశ్చితియే వారిని ఎక్కువ బాధించినది.

ఆ పుస్తకమును మేము తిరిగి ఇచ్చినప్పుడు ఇంటివారు దానిని గుడ్డలో చుట్టి మరల పెట్టెలో నుంచిరి. స్కూటరు ఏనాడో పోయినది. పుస్తకము మాత్రము పారవేయుటకు వారికి మనసొప్పుట లేదు.