చలిని కాసే పెట్టె

తెల్లారగట్ల మూడున్నర. భీమవరం దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. అన్నీ చీకట్లో ఉంటే ఒక్కదాని గట్టు మీద మాత్రం లైట్లు. ఇవాళ ఇక్కడ పట్టుబడి. నడుం లోతు నీళ్లలో దిగినవాళ్లు వలని దగ్గరికి లాగుతుంటే లోపల వనామీ రొయ్యలు చిటపటమని ఎగురుతున్నాయి. గట్టెక్కిన ట్రేని గట్టెక్కినట్టే ఐసు నీళ్ల టబ్బులో బోర్లిస్తున్నారు. అంతదాకా ఎగిరిన రొయ్య ఒక్కసారి బిగుసుకుని ఊరుకుంటుంది.

“అడుగున ఐసేదిరా? పైన జల్లితే సరిపోద్దా?” గట్టు మీంచి రైతు కేక.

“ఆయ్, ఏశానండీ,” అంటున్నాడు ట్రేలు సర్దే కుర్రాడు. వేసినట్టు మనకైతే కనబడలేదు.

కొనేవాళ్ల మనిషి ఒక కిలో తూచి, రొయ్యల్ని పళ్లెంలో పరిచి లెక్కపెడుతున్నాడు. కిలోకి ఎన్ని తూగితే అది కౌంటు. 50 కౌంటుకి ఒక రేటు, 100 కౌంటుకి ఇంకో రేటు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు ఆ దెబ్బ ఈ గట్టు మీద చెప్పే రేటు దాకా వచ్చింది. రేటు రైతు చేతిలో లేదు. ఐసు ఉంది. రొయ్య చచ్చిన క్షణం నుంచీ తలలోని ఎంజైములు కండ మీద పడతాయి. గట్టు మీద వాటికి పగ్గం వేయగలిగేది చలే. ఇక్కడ పోయిన గంటని ముందున్న ఏ యంత్రమూ తిరిగి తేలేదు.

ఇక్కణ్ణుంచి రొయ్యలు వెళ్లేది ప్రాసెసింగ్ ప్లాంటుకి. అందులోకి వెళ్లాలంటే తెల్ల గమ్‌బూట్లు, టోపీ, మాస్కు, కాళ్లకి క్లోరిన్ నీళ్లు. లోపల స్టీలు బల్లల వెంట ఆడవాళ్లు నిలబడి తలలు తీస్తున్నారు. ఒక నొక్కు, ఒక తిప్పు, తల ఊడి డబ్బాలో పడుతుంది. చేతులు ఆగవు, కబుర్లూ ఆగవు. ఐసులో నానిన ఆ వేళ్లని చూస్తే, అమెరికా సూపర్ మార్కెట్ ప్యాకెట్ మీద ఈ సంగతి ఎక్కడైనా రాస్తారా అనిపిస్తుంది. రాయరు.

సైజుల వారీగా విడిపోయిన రొయ్యలు ఫ్రీజర్ బెల్టు ఎక్కుతాయి. వీపు మీంచి కోతలాంటి చలిగాలి. కొద్ది నిమిషాల్లో అటు చివర ఠకఠకమని విడివిడిగా రాలతాయి. తొందర ఊరికే కాదు. నెమ్మదిగా గడ్డకడితే కండలోని నీరు పెద్ద పెద్ద స్ఫటికాలై కణాల్ని చీల్చేస్తుంది. కరిగించినప్పుడు రసమంతా కారిపోయి పీచు మిగులుతుంది. వేగంగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవి, కండ నిలుస్తుంది. తర్వాత చల్లటి నీళ్లు తగిలిస్తే ఒంటి మీద పల్చటి మంచు పొర ఏర్పడుతుంది. దాన్ని గ్లేజు అంటారు. వారాల ప్రయాణంలో రొయ్య ఎండిపోకుండా కాపాడేది అదే.

ఇక సరుకు ఎక్కించే డాకు దగ్గరికి. తెల్లటి నలభై అడుగుల రీఫర్, అంటే చలి కంటైనర్, వెనక్కి వచ్చి ఆనుకుంది. తలుపులు తీస్తే నేల పొడవునా అల్యూమినియం గాడులు. ఆ సందుల్లోంచే చలిగాలి తలుపు దాకా పాకి, సరుకు పక్కలనుంచి పైకి లేచి, కప్పు కింద నుంచి మళ్లీ యంత్రానికి చేరుతుంది. గోడల మీద ఎర్ర గీత ఉంది. కార్టన్లు ఆ గీత దాటకూడదు.

ఇది చక్రాల మీద పెట్టిన పెద్ద ఫ్రీజర్ అనుకుంటాం. కాదు. సరుకులోని వేడిని లాగి గడ్డకట్టించే పని ఈ యంత్రానిది కాదు. మైనస్ 18లో లోపలికి వెళ్లినదాన్ని మైనస్ 18లో ఉంచుతుంది, అంతే. మైనస్ 10లో ఎక్కిస్తే ఆ తర్వాత దేవుడిదే భారం. అందుకే సూపర్‌వైజర్ ఒక కార్టన్ విప్పించి రొయ్యల నడుమకి థర్మామీటర్ సూది దించి, అంకె నిలిచేదాకా చూస్తున్నాడు. మైనస్ 19.

“కానీండి. తలుపు దగ్గర ఆలస్యం చేయకండి, అన్నా!”

ఎక్కించినంతసేపూ రీఫర్ యంత్రం ఆపే ఉంచుతారు. తలుపు తీసి నడిపితే మన కోస్తా ఉక్క గాలిని లోపలికి లాగి కాయిల్ మీద మంచు పేర్చుకుంటుంది. దాంతో కాలంతో పందెం. మందపాటి కోట్లు తొడుక్కున్న కూలీలు కోల్డ్ స్టోరేజీ నుంచి వరసగా కార్టన్లు అందుకుంటున్నారు. పదిహేడు టన్నులకు అటూ ఇటూ సరుకు. చివర గాడులు మూసుకుపోకుండా వదిలి, లోపల ఉష్ణోగ్రత రాసుకునే డేటా లాగర్ పెట్టి, తలుపేసి బోల్ట్ సీలు బిగిస్తారు.

గాలికి దారి వదలడమనే పాఠం ఎప్పటిదో. 1882లో డనీడిన్ అనే తెరచాప ఓడ న్యూజీలాండ్ నుంచి లండన్‌కి గడ్డకట్టిన గొర్రె మాంసం తీసుకెళ్లింది. దారిలో చలిగాలి సరిగా తిరగడం లేదని కెప్టెన్ విట్సన్ స్వయంగా గాలి గొట్టంలోకి పాకి కొత్త కన్నాలు కోశాడు. ఒళ్లు కొయ్యబారితే కాళ్లకి తాడు కట్టి బయటికి లాగారు. సుమారు అయిదు వేల కళేబరాల్లో పనికిరాదని తీసేసింది ఒక్కటే.

అన్ని రీఫర్లకీ ఒకటే పద్ధతి అనుకోకండి. అనంతపురం అరటిది పూర్తిగా వేరే దారి. అది బతికున్న సరుకు, ఊపిరి పీలుస్తుంది, వేడి విడుస్తుంది. దానికి 13 డిగ్రీల చిల్లర చాలు, గాలి రంధ్రాలు తెరిచి ఉంచాలి. రొయ్యల పెట్టెకి ఆ రంధ్రాలు బిగించి మూసేస్తారు.

రొయ్యల పెట్టెకి కరెంటిచ్చేందుకు లారీకి తగిలించిన జెన్‌సెట్ మోత మొదలైంది. సిద్ధాంతం దగ్గర ఒక గోదావరి పాయ, జొన్నాడ దగ్గర ఇంకొకటి, ఆపైన రాజమండ్రి, అన్నవరం, తుని, అనకాపల్లి. డ్రైవరు టీ తాగేటప్పుడు కూడా కన్ను జెన్‌సెట్ దీపం మీదే. డీజిలు అయిపోతే తప్పు అతనిదే అవుతుంది మరి.

విశాఖ కంటైనర్ టెర్మినల్లో రీఫర్లది వేరే వీధి. ఇనుప మెట్ల అంతస్తుల పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చిన పెట్టెలు, ఒక్కోదానికీ ఒక్కో ప్లగ్గు. జెన్‌సెట్ ఊడదీసి ఇక్కడ తగిలించేలోపు కాసేపు కరెంటు ఉండదు. ఆ కాసేపూ చలిని పట్టి ఉంచేది గోడల్లోని ఫోమే. ఓడ ఎక్కాకా అంతే. ఓడ చలి ఇవ్వదు, కరెంటు ఇస్తుంది. ప్రతి పెట్టె దాని కంప్రెసర్‌ని అదే నడుపుకుంటుంది. ఎలక్ట్రీషియన్ డెక్కు మీద తిరుగుతూ అంకెలు రాసుకుంటాడు.

విశాఖ నుంచి బయల్దేరిన పెట్టె కొలంబోలోనో, సింగపూర్లోనో పెద్ద ఓడకి మారుతుంది. మళ్లీ ప్లగ్గు తీయడం, మళ్లీ పెట్టడం. 2023 చివర ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా కంపెనీలు సూయజ్ వదిలి ఆఫ్రికా దక్షిణ కొస చుట్టి వెళ్లాయి. అంటే ఇంకొన్ని రోజులపాటు అదే మైనస్ 18, అదే ఇంధన ఖర్చు.

చివరికి అమెరికాలో, న్యూజెర్సీ కోల్డ్ స్టోరేజీలో సీలు కోసి ముందుగా లాగర్ తీస్తారు. కంప్యూటర్లో గీత పడుతుంది. కాయిల్ మీద మంచు కరిగించుకున్న ప్రతిసారీ ఒక చిన్న మొన. వాటిని చూసి అనుభవమున్నవాడు కంగారుపడడు. కానీ ఓడ మారిన రోజున ఒక్క మొన వెడల్పుగా ఉంది. గీత చూస్తున్నవాడు ఒక కార్టన్ తెమ్మన్నాడు. నడుమన సూది దించాడు. మైనస్ 18. దింపుకోమన్నాడు గానీ, ఆ గంటల్లో పెట్టె ఎవరి అప్పగింతలో ఉందో కాగితాలు తిరగేసి పేరు పక్కన రాసి పెట్టుకున్నాడు.