పాతిక నిమిషాల్లో నిండు నూరేళ్లు

లైట్లు తీసేయండి. ఫోన్ పక్క గదిలో పెట్టి రండి. 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' ఐదో సీజన్, 25వ ఎపిసోడ్. పేరు 'ది ఇన్నర్ లైట్'. 1992 జూన్ మొదటి వారంలో అమెరికా టీవీల్లో వచ్చింది. నిడివి ముప్పావు గంట. కథంతా చెప్పేస్తాను. కథ తెలిసినంత మాత్రాన పాడైపోయే ఎపిసోడ్ కాదిది.

ఇప్పుడు మనం ఎంటర్‌ప్రైజ్ అంతరిక్ష నౌక బ్రిడ్జ్ మీద ఉన్నాం. నడిమధ్య కెప్టెన్ కుర్చీ, ఎదురుగా గోడంత తెర. సర్వే పని ఒకటి ముగిసింది, ఎవరి ముఖంలోనూ తొందర లేదు. తెర మీద ఒక చిన్న యంత్రం కనిపిస్తుంది. ఎవరు పంపారో తెలియదు, చూడబోతే పాతకాలపు సరుకు. అది ఒక కిరణం వదులుతుంది. కెప్టెన్ పికార్డ్ నిలబడి ఉన్నవాడు ఉన్నట్టే తూలి కూలిపోతాడు. అతని తర్వాతి అధికారి రైకర్ పరుగున వచ్చి పట్టుకుంటాడు.

పికార్డ్ కళ్లు తెరిచేసరికి బ్రిడ్జ్ లేదు. ఓ పల్లెటూరి ఇల్లు. పక్కన ఒక స్త్రీ. అమ్మయ్య, జ్వరం తగ్గింది అంటుంది. ఆమె పేరు ఎలీన్. నేను నీ భార్యను, నీ పేరు కామిన్, నువ్వు ఇనుము అల్లే పనివాడివి, ఇది కటాన్ అనే లోకంలో రెసిక్ అనే ఊరు అని చెబుతుంది. పికార్డ్ వినడు. కంప్యూటర్, ప్రోగ్రామ్ ఆపు అని గాల్లోకి ఆజ్ఞ వేస్తాడు. ఇదేదో నౌకలో కల్పిత లోకాలు సృష్టించే గది, హోలోడెక్ ఆట అనుకుంటాడు. కంప్యూటర్ పలకదు. ఎలీన్ భయంగా చూస్తుంది.

ఇక్కడ మనం ఎవరి పక్షమో చెప్పక్కర్లేదు. ఇన్ని సీజన్లుగా చూస్తున్న మనిషి, ఫ్రెంచి ద్రాక్షతోటల ఇంట్లో పుట్టి, షేక్‌స్పియర్ చదివి, నౌకే సంసారంగా బతికిన పికార్డ్. అతన్ని ఎవరో ఎత్తుకుపోయారు. ఎలీన్ ముఖంలో మోసం ఎక్కడుందా అని వెతుకుతాం. ఆమె మెడలోని పతకం కెమెరాకు చిక్కుతుంది. దాని ఆకారం ఆ యంత్రానిదే. చూశావా, దొరికింది అని ఒళ్లు నిక్కబొడుచుకుంటుంది. పికార్డ్ కొండలెక్కి ఊరి చుట్టూ తిరిగి రాత్రికి ఆకలితో ఇల్లు చేరతాడు. ఎలీన్ వేడి సూప్ పెడుతుంది. ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తూనే గిన్నె ఖాళీ చేస్తాడు. ఆ సూప్ తాగుతున్నప్పుడు ఆమె అతన్ని చూసే చూపు ఉంది చూడండి, అది నటించి మోసం చేసేవాళ్ల చూపు కాదు. మార్గోట్ రోజ్ అనే నటి ఆమె. మొదటి పది నిమిషాల్లోనే మన అనుమానాన్ని సగం తుడిచేస్తుంది.

మళ్లీ బ్రిడ్జ్. అక్కడ నిమిషాలే గడిచాయి. డాక్టర్ క్రషర్ కెప్టెన్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. యంత్రం నౌకతోపాటే కదులుతోంది, కిరణం అతన్ని వదలడం లేదు.

మళ్లీ రెసిక్. ఒక్క కట్‌తో అయిదేళ్లు. వర్షాలు లేవు. ఊరి నడుమ ఒక చిన్న మొక్క ఉంది. కామిన్ మిత్రుడు బటాయ్ నాటినది. ఎవరికి వారు తమకు వచ్చే కొద్దిపాటి నీళ్లలోంచి దానికింత పోస్తారు. పికార్డ్ అధికారి ముందు నిలబడి, గాల్లోని తేమను నీరుగా పట్టే యంత్రాలు కడదామంటాడు. అధికారి వినడు. పికార్డ్ రాత్రుళ్లు టెలిస్కోపు దగ్గరే కూర్చుంటాడు. ఇంకా తన నౌకనే వెతుకుతున్నాడు. ఎలీన్ ఇక ఓర్చుకోలేదు. అయిదేళ్లుగా నీకు ఆ నౌకే నిజం, నేను అబద్ధమా అన్నట్టుంది ఆమె మాట. కొంచెం ఆగి, పిల్లలు కావాలని అడుగుతుంది. ఆమె తప్పేముంది? పికార్డ్ మౌనంగా ఉంటాడు. తర్వాత, ఇంటికి ఇంకో గది కట్టుకోవచ్చా అని ఆమెను అనుమతి అడుగుతాడు. పిల్లల గది. ఈ మనిషి ఓడిపోయాడనో లొంగిపోయాడనో మనకు అనిపించదు. ఇంటికి వచ్చాడనిపిస్తుంది.

తర్వాతి దృశ్యం కోసమే ఈ ఎపిసోడ్‌ను ఎందరికో చూపించాను.

రెసిక్‌లో కొడుక్కి పేరు పెట్టే వేడుక. మిత్రుడు బటాయ్ ఇప్పుడు లేడు, అతని పేరే బిడ్డకు పెడుతున్నారు. ఊరంతా చేరింది. అదే సమయానికి ఎంటర్‌ప్రైజ్‌లో కిరణాన్ని అడ్డుకునే ప్రయత్నం మొదలుపెడతారు. ఎవరు? మన వాళ్లే. డేటా, జోర్డీ, రైకర్. మనం ఇన్నాళ్లూ చప్పట్లు కొట్టిన వాళ్లు, ప్రతి ఎపిసోడ్‌లోనూ చివరి నిమిషంలో ఏదో ఒకటి కనిపెట్టి కెప్టెన్‌ను కాపాడిన వాళ్లు. కిరణం తెగుతుంది. బ్రిడ్జ్ మీద పికార్డ్ శరీరం అదురుతుంది. రెసిక్‌లో బిడ్డను ఎత్తుకోవాల్సిన తండ్రి వేడుక మధ్యలో నేలకూలుతాడు. ఎలీన్ కేక పెడుతుంది.

ఆగండి, వదిలేయండి, అతని ఇంట్లో శుభకార్యం జరుగుతోంది అని తెర వైపు అరుస్తాను. ప్రతిసారీ అరుస్తాను. పక్కన ఎవరున్నా అరుస్తాను. అరిచాక గుర్తొస్తుంది, కాసేపటి క్రితం ఇదే మనిషిని అక్కడినుంచి లాక్కురండని కోరుకున్నది నేనే అని. క్రషర్ కంగారుగా కిరణాన్ని మళ్లీ కలపమంటుంది. కలుపుతారు. రెసిక్‌లో కామిన్ ఊపిరి పీల్చుకుంటాడు. ఎలీన్ అతన్ని పట్టుకుని ఉంటుంది. మనమూ ఊపిరి పీల్చుకుంటాం.

టీవీలో మన పక్షాన్ని మార్చడానికి రచయితలు సాధారణంగా ఒక ద్రోహమో ఒక రహస్యమో బయటపెడతారు. ఇక్కడ అదేమీ లేదు. ఒక సూప్ గిన్నె, ఒక మొక్క, ఒక గది, ఒక పసివాడు. ఈ నాలుగింటితో మనల్ని ఎంటర్‌ప్రైజ్‌కు ఎదురు నిలబెట్టారు. కథ మోర్గన్ గెండెల్‌ది. స్క్రీన్‌ప్లే అతనూ పీటర్ అలన్ ఫీల్డ్స్ కలిసి రాశారు. పీటర్ లారిట్సన్ దర్శకుడు. ఒక్క ఆయుధం పేలదు, ఒక్క శత్రువు ఉండడు.

ఏళ్లు దొర్లుతాయి. పికార్డ్ నెత్తి మీద మిగిలిన వెంట్రుకలు నెరుస్తాయి. మైఖేల్ వెస్ట్‌మోర్ మేకప్ గొప్పదే. కానీ అప్పటికి 51 ఏళ్ల పాట్రిక్ స్టీవార్ట్ నడక చూడండి. వయసు ముందు భుజాల్లోకి వస్తుంది, తర్వాత గొంతులోకి, ఆ తర్వాతే ముఖంలోకి. కూతురు మెరిబోర్ మట్టిని పరీక్షిస్తోంది. లోకం ఎండిపోతోందని ఆమెకూ తెలిసిపోయింది. కూతురి దగ్గర నిజం దాచి లాభం లేదని తండ్రి గ్రహిస్తాడు. పెళ్లి వాయిదా వేసుకోకు, ఈ రోజును వదులుకోకు అంటాడు. అదే మనిషి ఎంటర్‌ప్రైజ్‌లో పెళ్లి మాటెత్తితే కుర్చీలో ఇబ్బందిగా కదిలేవాడు. కొడుకు బటాయ్ చదువు మానేసి సంగీతం పట్టుకుంటానంటాడు. ఆ కొడుకు పాత్ర వేసింది డేనియల్ స్టీవార్ట్, పాట్రిక్ స్టీవార్ట్ సొంత కొడుకు. ఆ దృశ్యంలో తండ్రి కళ్లలో కనిపించే మురిపెంలో ఎంత కామిన్‌దో ఎంత స్టీవార్ట్‌దో విడదీయలేను. విడదీయాలనీ లేదు.

ఆ సంగీతం మొదట తండ్రి చేతిలోనే పుట్టింది. నిలువుగా పట్టుకుని ఊదే చిన్న వేణువు. రెసిక్‌లో తొలినాళ్లలో అపస్వరాలే పలికేవి. బిడ్డ పుట్టినప్పటికి ఒక చిన్న బాణీ కుదిరింది. జే చట్టవే కట్టిన బాణీ అది. ఎపిసోడ్ ముగిసేటప్పటికి మనకూ నోటికి వచ్చేస్తుంది.

ఇక ఎలీన్ మరణం. కామిన్ మళ్లీ అధికారి ముందు ఉన్నాడు. మనం పోయినా మన గురించి ఏదైనా మిగలాలని వాదిస్తున్నాడు. అధికారి ఈసారి తల దించుకుంటాడు. ఆ సంగతి మాకూ తెలుసు, ఏదో చేస్తున్నాం, మన దగ్గర ఉన్నవి చిన్న రాకెట్లేగా అంటాడు. అంతలో ఇంటినుంచి కబురు. పరుగున వెళితే ఎలీన్ మంచం మీద ఉంది. పెళ్లయిన నాటినుంచీ ఆమెకు ఒకటే సణుగుడు, విప్పిన బూట్లు ఎక్కడివక్కడే వదిలేస్తావని. పోయే ముందు కూడా అదే చెబుతుంది, బూట్లు తీసి పెట్టుకోమని. కన్నీళ్లు పెట్టించడానికి ఎంత పెద్ద డైలాగైనా రాయొచ్చు ఆ చోట. వాళ్లు బూట్లే రాశారు. పెళ్లయి పాతికేళ్లు దాటిన మా బంధువు ఒకాయన ఈ దృశ్యం దగ్గర లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు.

చివరి రోజు. కామిన్ ఎనభై దాటిన ముసలివాడు. మనవడితో ఆడుకుంటుంటే కూతురు వచ్చి, రాకెట్ ఎగరేస్తున్నారు, చూద్దాం రా అని పిలుస్తుంది. ఏం రాకెట్, నాకెవరూ చెప్పలేదే అంటాడు. నువ్వు దాన్ని ముందే చూశావు నాన్నా అంటుంది. జనం మధ్యలోంచి చనిపోయిన బటాయ్ వస్తాడు. యవ్వనంలో ఉన్న ఎలీన్ వస్తుంది. అప్పుడు అర్థమవుతుంది అతనికి. ఆ యంత్రం వెతుక్కుంటూ వచ్చింది తనకోసమే. ఒక మనిషిని పట్టుకుని, అతని చేత తమ ఊళ్లో ఒక జీవితమంతా బతికించి, తమ గురించి చెప్పగల మనిషిగా వదిలేయడానికి ఆ జాతి పంపిన ఆఖరి ఉత్తరం అది. వాళ్ల సూర్యుడు పేలిపోయి అప్పటికే వెయ్యేళ్లు. ఇంతసేపూ మనం చూసిన ముఖాల్లో ఒక్కటీ ఇప్పుడు లేదు.

రాకెట్ లేస్తుంది. వెలుగు.

బ్రిడ్జ్ నేల మీద పికార్డ్ కళ్లు తెరుస్తాడు. తన కుర్చీని, తన మనుషుల్ని గుర్తుపట్టడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఎంతసేపయింది అని అడుగుతాడు. ఇరవై, పాతిక నిమిషాలు అని జవాబు వస్తుంది.

ఆ జవాబు విన్నప్పుడల్లా నాకు కాకినాడ పక్కనున్న సర్పవరం తలపుకొస్తుంది. భావనారాయణస్వామి గుడి ఉన్న ఊరు. మాయ తనను ఏమీ చేయలేదని గర్వపడిన నారదుడు అక్కడి కొలనులో మునిగి స్త్రీగా లేచాడని, రాజును పెళ్లాడి అరవై మంది కొడుకుల్ని కన్నాడని, వాళ్లంతా యుద్ధంలో పోతే ఏడ్చి ఏడ్చి మళ్లీ మునిగి నారదుడిగానే లేచాడని చెప్పుకుంటారు. ఒక్క మునకలో ఒక సంసారం. ఆ కథను మనకు వైరాగ్యం నేర్పడానికే చెబుతారు. కానీ ఆ అరవై మంది పేర్లే ప్రభవ నుంచి అక్షయ దాకా మన సంవత్సరాల పేర్లయ్యాయంటారు కదా. మాయలో పుట్టిన బిడ్డల్లో ఒకరి పేరును మనం ఏటా ఉగాదికి తలుచుకుంటున్నాం. నారదుడు మరిచాడేమో, మనం మరవలేదు. ఎలీన్ చివర్లో అడిగేదీ అంతకంటే ఎక్కువేమీ కాదు. ఎలా బతికామో గుర్తుంచుకుంటే చాలంటుంది.

రైకర్ ఒక చిన్న పెట్టె తెచ్చి ఇస్తాడు. యంత్రం లోపల దొరికిందట. తెరిస్తే వేణువు. పికార్డ్ దాన్ని గుండెకు హత్తుకుంటాడు. తర్వాత ఒంటరిగా, నక్షత్రాల కిటికీ పక్కన, ఆ బాణీ వాయిస్తాడు. మాటల్లేవు. బ్రిడ్జ్ మీద పడిపోయిన మనిషికి వేణువు వాయించడం రాదు. ఇతనికి వచ్చు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఒక్క విషయంలో నాకు ఆ సిరీస్ మీద కోపం ఉంది. దీని తర్వాతి ఎపిసోడ్ 'టైమ్స్ ఆరో'లో పికార్డ్ ఏమీ జరగనట్టు డ్యూటీలో ఉంటాడు. భార్యను, పిల్లల్ని, మనవడిని పోగొట్టుకున్న మనిషి! ఎపిసోడ్‌కు ఎపిసోడ్ విడిగా నడిచే ఆనాటి పద్ధతి అలాంటిది. 1993లో వచ్చిన 'లెసన్స్' ఎపిసోడ్‌లో అతను ఆ వేణువును మళ్లీ బయటికి తీసి, నెల్లా డారెన్ అనే అధికారిణితో కలిసి వాయించి, అది ఎక్కడిదో ఆమెకు చెబుతాడు. అప్పుడు కాస్త కోపం తగ్గింది. 2020లో మొదలైన 'స్టార్ ట్రెక్: పికార్డ్' టైటిల్ సంగీతంలోనూ వేణునాదం పెట్టారు. అది వినగానే పాత అభిమానులకు రెసిక్ గుర్తొచ్చి తీరుతుంది.

'ది ఇన్నర్ లైట్' అనే పేరు జార్జ్ హారిసన్ చేసిన బీటిల్స్ పాటది. 1968 జనవరిలో బొంబాయి స్టూడియోలో మన వాద్యకారులతో దాని సంగీతం రికార్డు చేశారు. అందులో బాన్సురి వాయించింది హరిప్రసాద్ చౌరాసియా. తావో తె చింగ్‌లోని ఒక భావం ఆ పాటకు ఆధారం, గడప దాటకుండానే లోకాన్ని తెలుసుకోవచ్చని. పికార్డ్ బ్రిడ్జ్ నేల మీదినుంచి కదలకుండానే ఒక లోకాన్ని తెలుసుకున్నాడు.

1993లో ఈ ఎపిసోడ్‌కు హ్యూగో అవార్డు వచ్చింది. ఆ చిన్న వేణువు 2006లో క్రిస్టీస్ వేలంలో 40 వేల డాలర్లకు పైగా పలికింది. అది నిజానికి మోగే వేణువు కాదు, షూటింగ్ కోసం చేసిన వస్తువు. అంత డబ్బు పెట్టినవాళ్లు ఏం కొనుక్కున్నారో నాకు బాగా తెలుసు.

'నెక్స్ట్ జనరేషన్'లో మొత్తం 178 ఎపిసోడ్లున్నాయి. నా లెక్కలో దీని తర్వాతే మిగతావన్నీ. స్టార్ ట్రెక్ ఒక్కటీ చూడనివాళ్లు కూడా దీనితోనే మొదలుపెట్టవచ్చు, వెనక కథ ఏమీ తెలియనక్కర్లేదు. ఒంటరిగా మాత్రం చూడకండి. ఇంట్లో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.