మగ్గం గుంట మీద మన హాలు



మన సోలాపూర్ పేటల్లో పాత ఇళ్ళు బాగుచేయించుకోవడం ఈమధ్య ఎక్కువైంది. నేలకు టైల్స్, గోడకు పెద్ద టీవీ, దాని ఎదుట సోఫా. సంతోషమే. కానీ గృహప్రవేశం భోజనాల దగ్గర ఒక మాట తప్పక వినిపిస్తుంది: "మన పెద్దలకు ఇంట్లో కూర్చునే చోటే లేదు, బతుకంతా మగ్గంతోనే పోయింది." ఆ మాట సగమే నిజం. మన హాలు ఎక్కడినుంచో ఊడిపడలేదు. చాలా ఇళ్ళలో అది మగ్గం గుంట పూడ్చిన చోటే ఉంది.

గుంట మగ్గం చూడని పిల్లల కోసం కాస్త వివరంగా చెబుతాము. నేసే మనిషి నేల మట్టాన కూర్చుంటాడు. కాళ్ళు రెండు, రెండున్నర అడుగుల లోతు గుంటలో ఉంటాయి. కింద తొక్కుడు చెక్కలు. ఒకటి తొక్కితే పడుగులో కొన్ని దారాలు లేస్తాయి, కొన్ని దిగుతాయి. ఆ సందులోంచి నాడె పోతుంది, పేక పడుతుంది. ఈ మగ్గానికి కలప తక్కువ పడుతుంది, అందుకే పేదవాడికీ అందేది. ఇంకో కారణం తేమ. సోలాపూర్ ఎండకు నూలు ఎండి పుటుక్కున తెగుతుంది. నేలకు దగ్గరగా ఉన్న పడుగును మట్టిలోని చెమ్మ కొంత కాపాడుతుంది. అలా మగ్గం గదే ఇంట్లో చల్లని గది అయ్యింది. వేసవి మధ్యాహ్నం ముసలివాళ్ళు, పసిపిల్లలు ఎక్కడ నడుం వాల్చేవారో వేరే చెప్పాలా?

పైగా నేత ఒక్కరి పని కాదు. ఆయన నేస్తుంటే అమ్మ రాట్నం మీద కండెలు చుడుతుంది, పిల్లలు కండెలు అందిస్తారు, తాత తెగిన పోగులు అతుకుతాడు. చుట్టం వస్తే చాప పరిచేదీ అక్కడే. చేతులు ఆడుతుంటే నోటికి ఖాళీ ఉంటుంది కదా, మార్కండేయుడి కథ, భావనాఋషి కథ పిల్లల చెవిన పడింది ఆ గదిలోనే. తెలంగాణలో అయితే పద్మశాలీలకు ఈ కథలు చెప్పడానికి కూనపులివారు బొమ్మల పటాలతో వచ్చేవారు. వలస వచ్చిన ఇళ్ళలో ఆ పని చాలావరకు ఇంటి పెద్దల మీద పడింది. ఫ్యామిలీ రూమ్ అని ఇప్పుడు అంటున్నాము గానీ, మగ్గం గది చేసిన పని అదే.

అలాగని పాత రోజులన్నీ బంగారమని మేము అనము. 1876–78 కరువు కాలంలో దక్కన్ అంతటా నేతగాళ్ళు చితికిపోయారు. 1877లో ఇక్కడ మన 'జూనీ మిల్లు' మొదలయ్యాక బతుకుతెరువు కోసం ఈ ఊరు దారి పట్టినవాళ్ళు పెరిగారు. వచ్చినవాళ్ళందరికీ సొంత గుంట లేదు. చాలామంది షావుకారు ఇంట్లో నడిచే కార్ఖానాలో, తీసుకున్న బాకీకి కట్టుబడి, నేసిన మగ్గం పక్కనే పడుకున్నారు. వాళ్ళకు ఆ గది ఇల్లూ కాదు, బయటా కాదు. "కూర్చునే చోటు లేదు" అన్న మాట వాళ్ళ విషయంలో పూర్తిగా నిజం.

తరువాత పవర్‌లూమ్ వచ్చింది. దానికి గట్టి పునాది కావాలి, గుంట పనికిరాదు. మట్టి, రాళ్ళు పోసి పూడ్చి, పైన గచ్చు చేశారు. మా లెక్కలో ఇంటి మాటలు ఆగిపోయింది ఆ రోజుల్లోనే, టీవీ వల్ల కాదు. ఆ చప్పుడులో పక్కన ఉన్నవాళ్ళను పిలవాలన్నా అరవాలి, లేకపోతే చేత్తో సైగ చేయాలి. ఆ తరువాత కొందరు సాంచెలను అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీకి మార్చారు, కొందరు పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు. గది ఖాళీ అయ్యింది. మంచం వచ్చింది, టీవీ వచ్చింది, హాలు అయ్యింది.

ఇప్పుడు పని పెట్టుకున్నవాళ్ళకు ఒక మాట. పాత గుంట పూడిక అప్పట్లో తొందరలో చేసినదైతే లోపల బోలు ఉండవచ్చు, పైన టైల్స్ వేశాక నేల కుంగుతుంది. తవ్వి చూసి, పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించండి. తవ్వినప్పుడు గుంట బయటపడితే కొలతలు రాసుకోండి, ఒక ఫోటో తీయండి. నేసిన పెద్దలు ఇంకా ఉంటే ఆ గుంట దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒక్కో భాగం పేరు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేయండి. అచ్చు, పన్నె, పలక, ఆసు, దోనె. బడిలో మరాఠీ, బజారులో హిందీ అయిన మన పిల్లలకు ఈ మాటలు ఇంకెక్కడా దొరకవు. ఆ గుంట పూడితే వాటిని తలచుకునే సందర్భం కూడా పూడిపోతుంది.

ఇంకో సంగతి. హాలు అంటే విశ్రాంతి గది అని మగవాళ్ళం సులువుగా అంటున్నాము. మన ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు ఆ హాల్లోనే ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నారో చూడండి. తునికాకు, తంబాకు, కత్తెర, దారం. కూలి వెయ్యికి ఇంత అని. టీవీలో సీరియల్ నడుస్తూనే ఉంటుంది, కన్ను దాని మీద, వేళ్ళు ఆకు మీద. మగ్గం ఇల్లు వదిలింది గానీ పని వదలలేదు, చేతులు మాత్రమే మారాయి. అయితే బీడీలకు చప్పుడు లేదు. నలుగురు ఒకచోట చేరితే తెలుగు మళ్ళీ మొదలవుతుంది. సోలాపూర్‌లో తెలుగు ఇంతకాలం నిలవడంలో మన సంఘాల సభలకన్నా ఆ చాటల చుట్టూ సాగిన కబుర్లకే ఎక్కువ వాటా ఉందని మేము అనుకుంటాము.

ఆడం మాస్టర్ ముందుండి నడిపిన పోరాటంతో కుంభారీ దగ్గర బీడీ కార్మికులకు 10,000 ఇళ్ళు వచ్చాయి. 2024 జనవరిలో రాయ్‌నగర్‌లో ఇంకో 15,000 ఇళ్ళ తాళాలు చేతికి వచ్చాయి. ఆ ఇళ్ళలో మగ్గానికి చోటు లేదు, ఎవరూ అడగలేదు కూడా. హాల్లో టీవీ ముందు ఒక చాట పట్టేంత జాగా ఉంది.